మైకులో దూరిన జమ్ముపిట్ట

ఆ రోజుల్లో నంద్యాలలో ఇంటికొక బ్యాంకు కోచింగ్ అభ్యర్థి ఉండేవాడు (ఇప్పుడు ఇంటికి ఇద్దరున్నారని వింటున్నాను, అభివృద్ధి అంటే ఇదే కాబోలు). ఎక్కడెక్కడి జిల్లాల పిల్లలో బ్యాగులు మోసుకొని మా ఊరికి వచ్చి, ఇరుకు గదుల్లో కాళ్లు ముడుచుకొని పడుకొని, మెస్సులో సాంబారు పేరుతో పోసే వేడినీళ్లు తాగి, చివరికి ఏదో ఒక బ్యాంకులో కుర్చీ సంపాదించుకొని వెళ్లిపోయేవాళ్లు. నేను పుట్టిందే నంద్యాలలో కాబట్టి, ఈ గాలి పీలుస్తూ కూర్చుంటే చాలు, ఉద్యోగం దానంతటదే ఒంటికి పడుతుందని గట్టిగా నమ్మాను. పీల్చాను కూడా. పట్టలేదు. రీజనింగ్ అనే సబ్జెక్టులో ‘ఎ’ అనేవాడు ‘బి’కి మేనమామ అయితే ‘సి’కి ఏమవుతాడు అని అడిగేవాళ్లు. నాకు తెలిసిన మేనమామ ఒక్కడే, రైల్వే స్టేషన్ దారిలో మైకుసెట్టు షాపు నడిపేవాడు. పరీక్షలన్నీ అయిపోయి, ఫలితాలన్నీ ఒకే రకంగా వచ్చాక, వెళ్లి ఆయన దగ్గరే చేరాను.

మా నాయన బడిపంతులు. కొడుకు హారన్లు మోయడం ఆయనకు ఏమాత్రం ఇష్టం లేదు. బావమరిది మొహం చూసి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. “నీ మైకు మీద ఒక్క మాట వచ్చిందంటే సాలు, మర్నాడే కోచింగ్‌లో కూసోబెడ్తా. ఈ తూరి ఇంట్లో గాదు, హాస్టల్లో ఏస్తా” అన్నాడు. హాస్టల్ అన్న మాట వినగానే నాకు ఆ సాంబారు కళ్లముందు కదిలింది. అప్పటినుంచి మైకు అంటే నాకు వృత్తి కాదు, ప్రాణరక్షణ.

మా మామ వృత్తిరహస్యం ఒక్కటే, ఎకో. పెళ్లికి ఎకో, పార్టీ మీటింగుకి ఎకో, దుకాణం ఓపెనింగుకి ఎకో, చావింట్లో పెట్టే విషాద గీతానికి మరికాస్త ఎకో. “మనిషి ఒక తూరి పలికితే మూడు తూర్లు వినపడల్ల. అప్పుడే జనాలు ఇది మంచి సెట్టురా అంటారు” అనేవాడు. మైకు కీచుమన్నా ఎకో పెంచమనేవాడు, గురగురమన్నా ఎకో పెంచమనేవాడు. ఒకసారి యాంప్లిఫయర్ నుంచి పొగ వస్తోందని ఫోన్ చేస్తే, అలవాటు చొప్పున “ఎకో ఎంతలో పెట్టినావు?” అని అడిగాడు.

నాకు ఒంటరిగా అప్పగించిన మొదటి పని ఆళ్లగడ్డలో, ఒక చర్చిలో. మేమూ ఆ విశ్వాసంలోని వాళ్లమే కాబట్టి ఆ ఆర్డరు మామకు చాలా ఏళ్లుగా వస్తోంది. ఎండాకాలంలో అక్కడ ఉజ్జీవ సభలు పెడతారు. బయటినుంచి పేరున్న ప్రసంగీకులు వస్తారు, కోయిలకుంట్ల, ప్యాపిలి దాకా జనం కదిలి వస్తారు. సభలకు ముందు కొన్ని వారాలు కోరస్ వాళ్లు రోజూ సాయంత్రం పాటలు సాధన చేస్తారు కాబట్టి మైకుసెట్టు అక్కడే బిగించి, నన్ను కూడా దానితోపాటు అక్కడే బిగించారు. పాస్టరుగారింటి పక్క గదిలో మకాం, ఆయన భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆ తల్లి చేతి అన్నం. చర్చి వెనకే కాలువ ఊటతో నిండే ఒక కుంట, కుంట నిండా మనిషి ఎత్తున జమ్ముగడ్డి. వేదిక వెనక కిటికీ తెరిస్తే ఆ కుంట మీది గాలి చల్లగా వచ్చేది. ఎండాకాలం కదా, తెరిచే పెట్టేవాళ్లం. ప్రసంగీకుడి మైకు సరిగ్గా ఆ కిటికీ పక్కన.

మొదటి ఆదివారం పాస్టరుగారు ప్రసంగం మధ్యలో గొంతు తగ్గించి, “ప్రశాంతంగా కళ్లు మూసుకుందాం” అన్నారు. అందరూ మూసుకున్నారు. హారన్లో నుంచి “కర్ర... కర్ర... కరకర కీచ్... కీచ్” అని వచ్చింది. అందరూ తెరిచారు. అందరూ నావైపే చూశారు. ముందు బెంచీలో కూర్చునే సంఘపెద్ద ఒకాయన ఉండేవాడు, రిటైరైన హెడ్మాస్టరు. ప్రతి వాక్యానికీ ఆయన చెప్పే ఆమెన్ కాలువ అవతలికి వినబడేది కాబట్టి అందరూ ఆయనను ఆమెన్ తాత అనేవాళ్లు (మైకు అవసరం లేని ఏకైక విశ్వాసి). ఆయన వెనక్కి తిరిగి, “ఏందప్పా అది, మైకులో కప్పను గాని పెట్టినావా?” అన్నాడు.

ఆ వారమంతా నేను చేయని వైద్యం లేదు. వైర్లు మార్చాను, జాకులు గీకాను, ఎర్తింగుకి గుంత తవ్వి ఉప్పూ బొగ్గూ పోసి బిందెలకొద్దీ నీళ్లు పోశాను. మామకు ఫోన్ చేస్తే ఏమన్నాడో చెప్పనక్కర్లేదు. ఎకో పెంచాను. పెంచిన కొద్దీ ఆ శబ్దం పెరిగింది. ఇంతకుముందు ఒక్క కర్రకర్రకు ఆగేది ఇప్పుడు పాస్టరుగారితో పోటీపడి మూడు రకాల రాగాలు తీస్తోంది. కోరస్ వాళ్లు పల్లవి అందుకుంటే చాలు, అది చరణం అందుకునేది. ఆమెన్ తాత కమిటీలో మాట లేపాడు. “కోయిలకుంట్లలో కొత్త సెట్టు వచ్చిందంట. వాళ్లని పిలుద్దాం. ఈ పిల్లోడు మైకుని రిపేరు జేస్తాండాడో, మైకు ఈ పిల్లోన్ని రిపేరు జేస్తాండాదో తెలీకుండా ఉండాది” అన్నాడు. ఈ మాట నంద్యాలలో మా నాయన చెవికి చేరడానికి బస్సు చేరేంత సమయం కూడా పట్టలేదు. “హాస్టల్లో కిటికీ పక్క మంచం ఖాళీ ఉందంట” అని మాత్రం ఫోన్లో చెప్పి పెట్టేశాడు.

నన్ను రక్షించింది కరెంటు డిపార్టుమెంటు. ఒక సాయంత్రం సాధన మధ్యలో కరెంటు పోయింది. యాంప్లిఫయర్ లైట్లు ఆరిపోయాయి, ఫ్యాన్లు ఆగాయి, కోరస్ ఆగింది. “కర్ర కర్ర కరకీచ్” మాత్రం ఆగలేదు. నేను వెళ్లి ప్లగ్గు కూడా పీకి చేత్తో పట్టుకున్నాను. చేతిలో ప్లగ్గు ఉంది, శబ్దం ఉంది. ఆమెన్ తాత కాసేపు విని, “కరెంటు పోయినా పలుకుతాండాదే, మీ మామ బ్యాటరీ ఏమైనా పెట్టినాడా?” అన్నాడు. నేను కిటికీలో నుంచి తల బయటికి పెట్టాను. జమ్ములో, నా తలకు నాలుగు బారల దూరంలో, ఒక కాడను అడ్డంగా పట్టుకొని ఒక పిట్ట. గొంతు బుడగలా ఉబ్బించి, నోరు తెరిచి, లోపలి నారింజరంగు కూడా కనబడేలా అరుస్తోంది. ఇన్నాళ్ల నా పరువు ఆ నోట్లో ఉంది.

సరే, శత్రువు దొరికాడు, పేరు తెలియాలి కదా. పిచ్చుక కంటే కాస్త పెద్దది, అంతే. పైన మట్టిరంగు, కింద వెలిసిన మట్టిరంగు. ఏ రంగూ దొరక్క మిగిలిన దానితో చేసినట్టుంది. ఫోన్‌తో ఫోటోలు తీస్తే అన్నిట్లోనూ జమ్ము చాలా చక్కగా వచ్చింది. డిగ్రీలో నాతో చదివినవాడు ఒకడు పిట్టల వాట్సాప్ గుంపులో ఉంటే నన్నూ చేర్పించాడు. అక్కడ మహానుభావులు వెంటనే విచారణ మొదలుపెట్టారు. కంటిమీద తెల్లగీత ముక్కు దాకా ఉందా, కన్ను దాటి పోయిందా? రెక్క చివర ఈకలు తోక మీదికి ఎంత పొడుగు వస్తున్నాయి? కాళ్ల రంగు బూడిదా, ఊదా? నేను నిలబడి అడిగితే చూపించడానికి అది పెళ్లిచూపులకు కూర్చోలేదు. పైగా ఇదే మట్టిరంగులో మరో ఐదారు రకాలు ఉన్నాయని, వాటిని చూసి గుర్తుపట్టలేక పెద్ద పెద్దవాళ్లే కొట్టుకుంటారని చెప్పి నన్ను ఓదార్చారు. అప్పుడు నాకు నా చేతిలో ఉన్నదేమిటో గుర్తొచ్చింది. పిట్టల వాళ్ల దగ్గర దుర్భిణులు ఉంటాయి గాని, కార్డ్‌లెస్ మైకు ఉండదు. దాన్ని ఒక వెదురుకర్రకు కట్టి జమ్ములోకి చాపి, అరుపు రికార్డు చేసి పంపాను (ఎకో లేకుండా). కళ్లకు దొరకని పిట్ట చెవులకు ఇట్టే దొరికింది. క్లామరస్ రీడ్ వార్బ్లర్ అన్నారు. గోలచేసే జమ్ముపిట్ట అని అర్థమట. పేరు పెట్టినాయనకు కూడా ఎవరో ఎక్కడో మైకు అప్పగించి ఉంటారు.

దాని గుణగణాలు కూడా వాళ్లే చెప్పారు, మిగతావి నేను కిటికీలో కూర్చొని చూశాను. అది మొగపిట్ట. ఈ కాలంలో జమ్ములో ఒక ముక్క తనదని ప్రకటించుకొని, అడుగునుంచి కాడ మీదికి ఎక్కుతూ పాడుతుంది. ఇంకో మొగపిట్ట గొంతు వినబడితే మరింత గట్టిగా పాడి, పొలిమేర చూపిస్తుంది. ఇక్కడిదాకా వినేసరికి నాకు అసలు సంగతి వెలిగింది. కిటికీ పక్క మైకు దాని పాటను లాక్కుంటోంది. హారన్లలో ఒకటి కుంట వైపే తిప్పి ఉంది (కుంట అవతలి కాలనీ వాళ్లకు కూడా వాక్యం అందాలని ఆమెన్ తాతే పట్టుబట్టి తిప్పించాడు). అంటే దాని గొంతే ఇంటంత పెద్దదై, దాని మీదికే తిరిగి వస్తోంది. ఎకో పుణ్యాన ఒకటి కాదు, మూడు. పాపం ఆ ప్రాణి ముగ్గురు రాక్షసుల్లాంటి పొరుగువాళ్లతో రోజూ గొంతు చించుకొని తగాదా పడుతోంది. తగువు పెట్టింది నేను, వాల్యూమ్ పెంచింది మా మామ.

సంగతి తెలిసి కమిటీ సంతోషించింది. “జమ్ము కోసేస్తే సరి. మనుషుల్ని పెడితే ఒక్క పూట పని” అన్నాడు ఆమెన్ తాత. స్పీకర్ ఫోన్లో ఉన్న మామ, “కోసేయండి సార్, నా సెట్టుకి మాట రాకుంటే సాలు” అన్నాడు. నేను కూడా సంతోషించాను, అబద్ధమెందుకు. జమ్ము పోతుంది, పిట్ట పోతుంది, హాస్టల్ గండం పోతుంది. ఏ మూల నుంచి కోత మొదలుపెట్టాలో చూద్దామని ప్యాంటు మడిచి కుంటలోకి దిగాను. మోకాలి లోతు బురదలో జమ్ము పక్కకు తొలగించేసరికి, నాలుగైదు కాడలకు కలిపి నీళ్లమీద కట్టిన లోతైన గిన్నెలాంటి గూడు. గూట్లో ఆడపిట్ట. లేచిపోలేదు, అరవలేదు. కాపీ కొడుతున్నవాణ్ణి ఇన్విజిలేటరు చూసినట్టు నన్ను చూసింది. చివరికి అది పక్కకు తప్పుకుంటే కింద మచ్చల గుడ్లు. దాని మొగుణ్ణి ఇన్నాళ్లూ తగాదాకు ఈడ్చింది చాలక, ఇప్పుడు ఇంటికే కొడవలి తెస్తున్నాను.

తడిసిన ప్యాంటుతోనే వెళ్లి పాస్టరుగారి ముందు నిలబడ్డాను. ఆమెన్ తాత అక్కడే మజ్జిగ తాగుతున్నాడు.

“అయ్యగారూ, జమ్ము కోయొద్దండి. గూడుంది, గుడ్లు పెట్టింది.”

పాస్టరుగారు ఏదో అనబోయారు గాని ఆమెన్ తాత అందుకున్నాడు. “గుడ్లు పెడితే? ఇంకమీదట సభలకి తేదీ పెట్టల్లంటే పిట్టల్ని అడగల్లనా?”

“పిల్లలు బయటికొస్తే అది ఇంత అరవదు తాతా. మేత తెచ్చేకే దానికి సరిపోతాది.”

“ఎవురు జెప్పినారు?”

“ఫోన్లో చెప్పినారు.”

“పొద్దున్నే వేపాకు తింటే షుగరు పోతాదని గూడా ఫోన్లోనే చెప్పినారు. పోయిందా?” (ఆ ప్రయోగం ఆయన స్వయంగా చేసి ఉన్నాడు.)

పాస్టరుగారు నావైపు చూసి, “సభల టయానికి పిల్లలైతాయా? కాకుంటే ఎట్లప్పా?” అని మెల్లగా అడిగారు.

నాకెలా తెలుస్తుంది? అయినా బురదలో నుంచి వచ్చిన ఆవేశం ఒకటి ఉంటుంది కదా. “సభల్లో అది అరిస్తే నేను మల్ల మైకు ముట్టను. కోచింగ్‌కి పోతా” అన్నాను.

ఆమెన్ తాత మజ్జిగ గ్లాసు కింద పెట్టి, “అందరి ముందర చెప్పినావు, మర్చిపోవాకు” అన్నాడు. ఆ సాయంత్రానికే మామ ఫోన్ చేసి, “పిట్ట గుడ్డు మీద పందెం కాసేవాన్ని నిన్నే చూస్తాండా” అని అభినందించాడు.

మర్నాడే కుంటవైపు హారన్ ఊరివైపు తిప్పాను, మైకు కిటికీకి దూరంగా జరిపాను, ఎకో పూర్తిగా తీసేశాను. పిట్ట కొంత నెమ్మదించింది. కానీ ఎకో తీసేసరికి కోరస్‌లో ఎవరెవరు శ్రుతి తప్పుతున్నారో ఊరంతటికీ తెలిసిపోయింది. అప్పటివరకు ఆ సంగతి వాళ్లకే తెలియదు. దాంతో కోరస్ మొత్తం నాతో మాట్లాడటం మానేసింది. నేను మాత్రం పొద్దున్నే కుంటలోకి దిగడం, గుడ్లు గుడ్లుగానే ఉండటం చూసి బయటికి రావడం. బ్యాంకు పరీక్షల కోసం కూడా అంతగా ప్రార్థన చేయలేదు. ఆమెన్ తాత కూడా ఆ శబ్దం ఆగాలని ఉపవాస ప్రార్థన మొదలుపెట్టాడు (పొద్దున టిఫిన్ మానేసేవాడు, ఆ లోటు మధ్యాహ్నం అమ్మగారి వంటలో తీర్చుకునేవాడు).

సభలు మొదలయ్యే రోజు తెల్లవారుతూనే మెలకువ వచ్చింది, ఆ పిట్ట అరుపుకే. కాడ చివరికెక్కి, ఊరికి పండగన్నట్టు పాడుతోంది. నీరసంగా కుంటలోకి దిగి చూశాను. గూట్లో గుడ్లు లేవు. ఎర్రటి, బోడి, కళ్లు తెరవని తలకాయలు, నేను గడ్డి కదిపిన చప్పుడుకే అన్నీ ఒకేసారి నోళ్లు తెరిచాయి. సంతోషించాలో భయపడాలో తెలియలేదు. పిల్లలు వచ్చేశాయి, నాయన ఇంకా పాడుతూనే ఉన్నాడు.

సాయంత్రానికి చర్చి ఆవరణ నిండిపోయింది. మామ వచ్చాడు, మా నాయన వచ్చాడు. వచ్చే దారిలోనే హాస్టల్ వార్డెన్‌తో మాట్లాడి వచ్చాడని మామ నా చెవిలో వేశాడు. పాటలయ్యాయి. ప్రసంగీకుడు లేచాడు. మంచి మాటకారి, గొంతు పెంచి పెంచి ఒక్కసారిగా తగ్గించాడు. జనం ఊపిరి బిగబట్టారు. సరిగ్గా అప్పుడు కుంటలో నుంచి “కర్ర...” అని వచ్చింది. ముందు బెంచీలో ఆమెన్ తాత తల కాదు, మొత్తం మనిషే నావైపు తిరిగాడు. చివరి వరసలో మా నాయన లేచి నిలబడ్డాడు. తిప్పడానికి ఏమీ లేకపోయినా నా చెయ్యి మిక్సర్ మీదికి పోయింది. రెండో కర్ర కోసం ఎదురుచూస్తున్నాను. రాలేదు. మెల్లగా కిటికీ వైపు చూశాను. పిట్ట కాడ మీద ఉంది, నోట్లో పచ్చటి మిడత. అటూ ఇటూ చూసి జమ్ములోకి దూరింది. కాసేపటికి బయటికొచ్చింది, ఎగిరిపోయింది, మళ్లీ ఏదో పురుగుతో వచ్చింది. ఎప్పుడు చూసినా రావడమే, పోవడమే, ఎప్పుడు చూసినా నోరు నిండే ఉంది. ప్రసంగం అయిపోయేదాకా దానికి గొంతెత్తే తీరిక దొరకలేదు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. చుట్టుపక్కల వాళ్లు అది ప్రసంగ ప్రభావం అనుకున్నారు.

ఆఖరి రోజు సాక్ష్యాలు చెప్పే సమయంలో ఆమెన్ తాత లేచి, తన ఉపవాస ప్రార్థనతో ఆ శబ్దం ఎలా ఆగిపోయిందో వివరంగా చెప్పాడు. సంఘం మొత్తం ఆమెన్ అంది. మా మామ, “సెట్టింగంతా నేను ఫోన్లోనే చెప్పినా” అని కమిటీ వాళ్లతో అన్నాడు. మా నాయన పక్కనున్నాయనతో, “మావాడు చిన్నప్పటినుంచి ఇసయం ఉన్నోడు. ఈ బ్యాంకు చదువులు వానికి చాలవు” అంటున్నాడు. పాస్టరుగారు వందన సమర్పణలో వంటవాళ్ల నుంచి కరెంటు డిపార్టుమెంటు దాకా అందరినీ పేరుపేరునా తలుచుకున్నారు. ఆ జాబితాలో నేనూ లేను, పిట్టా లేదు.

అన్నం వడ్డిస్తూ అమ్మగారు ఒక్కరే అడిగారు. “నిజం చెప్పు. అది అరిసేది ఎందుకు నిలిపింది?” చెప్పాను. ఆమె గరిటె పట్టుకొనే పక్క గదిలో పడక్కుర్చీలో వాలిన పాస్టరుగారి వైపు చూసింది. “మా అయ్యగారు గూడా పెండ్లయిన కొత్తలో పొద్దున లేస్తూనే పాడతాండె. నలుగురు పిల్లోళ్లైనంక ఎప్పుడు నిలిపినాడో నాకే తెలీదు” అంది. నేను పగలబడి నవ్వాను. ఇరవై రెండేళ్ల వయసు, మైకు టెస్టింగ్ కూడా పాటతోనే చేసే రోజులు, జీవితంలో ఏ శక్తీ నా నోరు మూయించలేదని గట్టి నమ్మకం. పైగా ఆళ్లగడ్డలో ఒక పిట్ట కుటుంబాన్ని ఒంటిచేత్తో కాపాడిన వీరుణ్ణి కదా.

ఇప్పుడు ఆ షాపు నాదే. మామ విశ్రాంతి తీసుకుంటున్నాడు (ఫోన్లో మాత్రం ఎకో సంగతి అడుగుతూనే ఉంటాడు). ఇద్దరు పిల్లలు. పొద్దున వాళ్లను బడికి తరమడం, రాత్రికి ఏదో ఊర్లో సెట్టు దింపి ఇల్లు చేరడం. మొన్న కోయిలకుంట్లలో ఒక పెళ్లికి సెట్టు పెడుతుంటే, మా ఆవిడ కూడా పిల్లలతో వచ్చింది. నేను మైకు తీసుకొని “హలో, ఒన్, టూ, త్రీ” అన్నాను. ఆమె నావైపు చూసి, “పెండ్లికి ముందు మైకు టెస్టింగంటే పాట పాడతాంటివి గదా, ఎప్పుడు నిలిపినావు?” అని అడిగింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పాడమని ఆమె అడగలేదు, నేనూ పాడలేదు. చిన్నది ఆకలేస్తోందని ఏడుస్తుంటే, మైకు కట్టేసి, దానికి ఇంత అన్నం పెట్టిద్దామని వంటలవైపు నడిచాను.